అద్దం కింద వెంట్రుక

ఫ్రేముల షాపులో ఆమె బల్ల గోడవైపు తిరిగి ఉంటుంది. అక్కడ కూర్చుంటే వీధి కనపడదు, షాపులోకి వచ్చిపోయేవాళ్ళు కనపడరు, ఎవరితోనూ మాట కలపాల్సిన పని లేదు. ఎదురుగా గోడ, నెత్తిమీద పొడుగాటి ట్యూబులైటు, చేతుల కింద గాజుపలక. చేరిన కొత్తలో షాపు యజమాని ఆ బల్ల చూపించి, "రోజంతా గోడకేసి చూస్తూ కూర్చోవాలి. విసుగేస్తుందేమో ఆలోచించుకో" అన్నాడు. ఆమె తల వంచుకుని "పర్లేదండి" అంది గానీ, లోపల గంతులేసింది. చదువు మధ్యలో ఆగిపోయి, నలుగురిలో నోరు తెరవాలంటే నాలుక మడతపడిపోయే మనిషికి గోడను మించిన తోడు ఏముంటుంది?

యజమానిని అందరూ పెద్దాయన అంటారు. వెనక గదిలో చెక్క కోసి, మూలలు కలిపి ఫ్రేములు తయారుచేసేది మేస్త్రి. వీధివైపు కౌంటరు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళతో మాట్లాడేది, బిల్లులు రాసేది బిల్లులక్క. ఫ్రేములో బొమ్మ పెట్టి మూసేది మాత్రం ఈమె. దాన్ని వాళ్ళు మూత పని అంటారు.

చూడ్డానికి తేలిక పనే. గాజుని రెండువైపులా తుడవాలి. బొమ్మని అట్టమీద సర్ది దానిమీద గాజు దించాలి. దించాక పైకెత్తి, లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడాలి. దుమ్ము గానీ, దారప్పోగు గానీ, వేలిముద్ర గానీ కనపడితే గాజు తీసి, రబ్బరు బుడ్డితో గాలి ఊది, మళ్ళీ దించాలి. నమ్మకం కుదిరాక ఫ్రేములో అమర్చి, వెనక పలక పెట్టి, సన్నమేకులు కొట్టి, చుట్టూ కాగితం టేపు అంటించాలి. టేపు పడ్డాక ఇక వెనక్కి రావడం కష్టం. లోపల నలుసు ఉండిపోయిందంటే టేపు చింపాలి, మేకులు పీకాలి, పీకేటప్పుడు చెక్క చీలకూడదని లోపల్లోపల దణ్ణాలు పెట్టుకోవాలి.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. మూసిన ఫ్రేము నలుసుతో తిరిగొస్తే దాన్ని మూతబల్ల ఎదురుగా గోడకున్న పెద్ద మేకుకి తగిలిస్తారు. విప్పి, తుడిచి, మళ్ళీ మూసేదాకా అది అక్కడే వేలాడుతుంది. ఎవరూ తిట్టరు. పెద్దాయనకి తిట్లు రావు, ఆ మేకే తిడుతుంది. ఆమెకు ముందు పనిచేసినవాడి రోజుల్లో బరువుకి మేకు కిందికి వంగిపోయిందట. ఆమె వచ్చిన కొన్నాళ్ళకే అది ఖాళీ అయింది. ఖాళీ మేకు ఎందుకూ వృథా అని ఆమె తన అన్నం సంచి దానికి తగిలించడం మొదలుపెట్టింది. అది చూసి మేస్త్రి, "దీని కంట్లో డేగ కూర్చుందిరా నాయనా!" అన్నాడు. అప్పటినుంచి షాపులో ఆమె పేరు డేగ.

కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆమె జుట్టు ఎన్నడూ లేనంత ఒత్తుగా ఉండేది. బిల్లులక్క వెనకనుంచి వచ్చి జడ చేత్తో పట్టి బరువు చూసేది. "ఏంటే ఇది, జడా? పడవలు కట్టే తాడా?" అనేది. ఆమె సిగ్గుపడి జడ ముందుకి వేసుకునేది. ఎవరూ చూడనప్పుడు తనూ ఒకసారి పట్టి చూసుకునేది.

పాప పుట్టింది. కొన్నాళ్ళు ఇంట్లో ఉండి, పాప మెడ నిలబెట్టాక, పాపని అత్తగారి ఒళ్ళో పెట్టి మళ్ళీ పనిలోకి వచ్చింది. ఆమె లేనన్నాళ్ళూ పెద్దాయనే మూత పని చూశాడు. ఆయన కళ్ళద్దాల పుణ్యమా అని మేకు నిండుగా ఉంది. వచ్చినరోజే ఆమె వాటన్నిటినీ విప్పి, తుడిచి, మూసి, సాయంత్రానికి మేకు ఖాళీ చేసి మర్నాడు తన సంచి తగిలించింది. మేస్త్రి వెనక గదిలోంచి తొంగిచూసి, "అమ్మయ్య, డేగ వాలింది" అన్నాడు.

సంచి అక్కడ ఎక్కువ రోజులు ఉండలేదు.

మొదట తిరిగొచ్చింది ఒక పెళ్ళిఫొటో. బిల్లులక్క దాన్ని రెండు చేతులా పట్టుకుని, నవ్వాపుకుంటూ తెచ్చింది. "పెళ్ళికొడుక్కి కత్తిగాటు పడిందట. మొన్నటిదాకా లేదంటున్నారు."

నిజంగానే గాటులాగే ఉంది. అద్దం కింద, పెళ్ళికొడుకు చెవిదగ్గర మొదలై గడ్డం మీదుగా కోటు జేబుదాకా ఒక వెంట్రుక. పొడుగ్గా, నల్లగా, నున్నగా.

అది ఎవరిదని అడగక్కర్లేదు. మేస్త్రి తల గుండు. పెద్దాయనది నెరిసిన క్రాపు. బిల్లులక్కది రంగువేసిన ఉంగరాల జుట్టు, దూరంనుంచే తెలిసిపోతుంది. ఆమె సంచి తీసి కింద పెట్టి, ఫొటో మేకుకి తగిలించింది.

తరవాత ఒక డాక్టరుగారి పట్టా వచ్చింది. వెంట్రుక సరిగ్గా సంతకం కింద మెలిక తిరిగి పడుకుంది. "సంతకం చేసినాయన తోక గీసి వదిలాడేమో అనుకున్నా" అన్నాడట డాక్టరు. ఆ తరవాత ఎవరి పిల్లో రంగుపెన్సిళ్ళతో వేసిన ఏనుగు వచ్చింది. ఏనుగుకి మీసం మొలిచింది.

ఇంట్లో సంగతి షాపులోకంటే ముందే మొదలైంది. దువ్వెన పెడితే చాలు, చేతినిండా వచ్చేది. స్నానాల గదిలో నీళ్ళు పోయే చిల్లు దగ్గర నల్లటి ఉండ చేరేది. దాన్ని ఆమె అత్తగారు చూడకముందే తీసేసేది, కానీ అత్తగారి కళ్ళు ఆమె కళ్ళకంటే తక్కువేమీ కాదు. పాప గుప్పిట విప్పితే అందులో వెంట్రుకలు. దిండుమీద వెంట్రుకలు. ఆమె భర్త రొట్టెల ఫ్యాక్టరీలో వ్యాను నడుపుతాడు. ఒకరోజు భోజనం దగ్గర పళ్ళెంలోంచి ఒక వెంట్రుకని రెండువేళ్ళతో పట్టి లాగాడు. అది ఎంతకీ తెగదు. చెయ్యి తలపైదాకా వెళ్ళింది.

"చేపకి గాలం వేశావా ఏంటి?" అన్నాడు.

అతను ఆమె ముఖం చూసి ఆ వెంట్రుకని పళ్ళెం అంచున పెట్టి, మిగతాది మారుమాట్లాడకుండా తిన్నాడు. ఆ తరవాత ఎన్నిసార్లు వచ్చినా చప్పుడు చెయ్యకుండా తీసి పక్కన పెట్టేవాడు. ఆ జోకే నయమనిపించేది ఆమెకి.

అత్తగారు మాత్రం యుద్ధానికి దిగింది. సందులో ఎవరు ఏ నూనె మంచిదంటే ఆ నూనె కాచింది. ఇల్లంతా వాసన. "మా రోజుల్లో మాకూ పుట్టారమ్మా పిల్లలు. ఒక్క వెంట్రుక రాలితే ఒట్టు" అనేది కోడలి తలకి మర్దనా చేస్తూ.

కొడుకు అటునుంచి, "అందుకేనా అమ్మా, నా చిన్నప్పటి ఫొటోలన్నిట్లో నువ్వు తలకి గుడ్డ కట్టుకుని ఉంటావు?" అన్నాడు.

"అది ఎండకి రా!"

"ఇంట్లో దిగిన ఫొటోలోనూ ఎండేనా?"

అత్తగారు ఇంకాస్త గట్టిగా మర్దనా చేసింది. కోడలి తల అటూ ఇటూ ఊగింది. చాపమీద పడుకున్న పాపకి నెత్తిన నూగు తప్ప ఏమీ లేదు. అది వాళ్ళ ముగ్గురినీ మార్చి మార్చి చూసి కాళ్ళు ఆడించింది. "దీనికి మొలవలేదు, దాని తల్లికి నిలవట్లేదు. మంచి జత" అంది అత్తగారు.

పాపకి టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు నర్సుని అడిగింది. అడగడానికి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. నర్సు ఆమె పాపిట మీద వేలు పెట్టి చూసి, "ఏం కాదమ్మా. కడుపుతో ఉన్నప్పుడు రాలాల్సినవి రాలకుండా ఆగిపోతాయి. అవన్నీ ఇప్పుడు కలిసి రాలుతున్నాయి. పాపకి ఏడాది నిండేసరికి మళ్ళీ వచ్చేస్తుందిలే చాలామందికి. వేళకి తిను, నిద్రపో" అంది.

"నిద్రా?" అంది ఆమె.

నర్సు ఆమె చంకలోని పాపకేసి చూసి నవ్వింది. "సరే, తిను."

ఏడాది నిండేదాకా జుట్టు ఆగగలదేమో, షాపు ఆగదు. ఆమెకి పట్టుకున్న దిగులు అది. జుట్టు గురించి దిగులు లేదనడం అబద్ధమే. ఇంట్లో దువ్వుకునేటప్పుడు అద్దం చూడటం మానేసింది. పాపిట రోజురోజుకీ వెడల్పవుతున్న దారిలా కనపడేది, చూడకపోతే ఆ బాధ ఉండదు కదా. వేళ్ళతో తడిమి పాపిట తీసుకుని, వెనక్కి లాగి ముడేసుకుని బయటపడేది. కానీ మేకుకి వేలాడేవి అలా చూడకుండా ఉండటానికి కుదరదు. అవి సరిగ్గా కళ్ళెదురుగా ఉంటాయి.

ఒకరోజు పెద్దాయన బల్ల దగ్గరికి వచ్చి దగ్గాడు. ఆయన దగ్గాడంటే చెప్పడానికి ఇబ్బందిపడే విషయమేదో ఉందన్నమాట.

"తప్పు నీదని కాదమ్మా. మా ఇంట్లోనూ చూశాను, మా ఆవిడకీ ఇంతే అయింది. కానీ వచ్చినవాళ్ళకి ఇదంతా చెప్పలేం కదా. 'బాలింత వెంట్రుకండీ, పోనివ్వండి' అనగలమా?"

వెనక గదిలో మేస్త్రి రంపం ఆగింది.

"బిల్లులక్క మూత పని నేర్చుకుంటానంటోంది" అన్నాడు పెద్దాయన. "నువ్వు కౌంటరుకి వచ్చెయ్యి. అక్కడైతే వెంట్రుక రాలినా ఫరవాలేదు. ఇప్పుడే అనట్లేదు. ఇంకొక్కటి తిరిగొస్తే మాత్రం మార్చేద్దాం."

కౌంటరంటే వీధికి ఎదురుగా నిలబడాలి. వచ్చిన ప్రతివాళ్ళనీ పలకరించాలి, ధర ఎక్కువన్నవాళ్ళకి బదులు చెప్పాలి. పైగా అక్కడ ఎండ నేరుగా తలమీద పడుతుంది. వంగి ఏదైనా రాస్తుంటే ఎదురుగా నిలబడ్డవాళ్ళకి కనపడేది పాపిటే.

పెద్దాయన వెళ్ళాక బిల్లులక్క వచ్చి ఆమె పక్కన స్టూలు లాక్కుని కూలబడింది. "నా మీద కోపమొచ్చిందా?"

"లేదక్కా."

"వచ్చింది. నీకు కోపమొస్తే పెదవి లోపలికి పోతుంది. చూడు, నేనేం నీ బల్లమీద కన్నేసి కూర్చోలేదు. నా మోకాళ్ళు పోయాయి. పొద్దున్నుంచీ నిలబడీ నిలబడీ ఇంటికెళ్ళి మెట్లెక్కలేకపోతున్నా. నాకు కావాల్సింది కూర్చునే పని."

"అక్కడ నిలబడితే అందరూ నా తలే చూస్తారక్కా."

"నీ తల ఎవరికి కావాలే! బిల్లు ఎంతయిందో చూస్తారు."

బిల్లులక్క మోకాళ్ళు రుద్దుకుంటూ లేచి వెళ్ళింది.

మర్నాటినుంచి ఆమె తలకి గుడ్డ కట్టుకుని వచ్చింది. నుదుటి దగ్గరినుంచి మెడదాకా, ఒక్క పోగు బయటికి రాకుండా బిగించింది. మేస్త్రి చూసి, "ఏ ముఠాలో చేరావమ్మా? దోపిడీ ఎక్కడ?" అన్నాడు. జుట్టు కత్తిరించేసుకోమని బిల్లులక్క సలహా ఇచ్చింది. ఆమె దాని గురించి ఒక పూటంతా ఆలోచించి వద్దనుకుంది. పొడుగు వెంట్రుకైతే గాజు కింద కంటికి ఆనుతుంది. పొట్టిదైతే అట్ట అంచుకింద దాక్కుని, ఫ్రేము నలుగురి చేతులూ మారాక మెల్లిగా బయటికొస్తుంది. దొంగ పొడుగ్గా ఉంటేనే పట్టుకోవడం సులువు.

గుడ్డ కట్టినా వెంట్రుకలు ఆగలేదు. మూసేముందు పట్టుకుంటోంది కాబట్టి బయటికి పోవట్లేదు గానీ, గాజు దించిన ప్రతిసారీ ఒకటి కనపడుతోంది. తలనిండా గుడ్డ. మరి ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? ఆమె ఎవరినీ అడగలేదు. చూస్తూ కూర్చుంది. చూడటం ఆమెకి వచ్చిన విద్య.

ఒక మధ్యాహ్నం పొడిగుడ్డతో గాజు రుద్ది పక్కన పెడుతుంటే, ఆమె కుడిచేతి చొక్కా చేతిమీంచి ఒక వెంట్రుక ఎవరో పిలిచినట్టు లేచి నిలబడింది. ఒక్క క్షణం అలా ఊగి, ఎగిరి వెళ్ళి గాజుకి అంటుకుంది. ఆమె దాన్ని తీసేసి, గాజు మళ్ళీ రుద్ది, భుజం దగ్గరగా పెట్టింది. ఇంకోటి లేచింది.

అప్పుడర్థమైంది. తలదేమీ లేదు, తప్పు పాపది. పొద్దున్న పనికి బయల్దేరేముందు పాపని ఎత్తుకుంటుంది. పాప రెండు గుప్పిళ్ళా జుట్టు పట్టి పీకి, పీకినదాన్ని అమ్మ భుజాలమీదే విడిచిపెడుతుంది. గుడ్డ కట్టుకునేది ఆ తరవాత. రుద్దిన గాజేమో భుజాలమీద ఉన్నవాటిని తనవైపు లాగేసుకుంటోంది.

పాపని ఎత్తుకోకుండా రావచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు, వచ్చినదారినే పోయింది. ఆమె ఇంకో పద్ధతి పెట్టుకుంది. షాపులోనే ఉంచడానికి ఒక పొట్టిచేతుల చొక్కా తెచ్చి పెట్టుకుంది. వచ్చీరాగానే అది మార్చుకుని, తడిగుడ్డతో మెడ, చేతులు, బల్ల అన్నీ తుడిచేది. గాజుని చివర్లో ఒకసారి ఆరీ ఆరని గుడ్డతో తుడిచి, కాసేపు ఆగి అప్పుడు దించేది.

"పనికి ముందు స్నానం చేస్తున్నావేంటమ్మా?" అన్నాడు మేస్త్రి.

"గాజుకి ఆకలేస్తోంది బాబాయ్. దొరికినదల్లా తినేస్తోంది" అంది ఆమె. ఆమె అంత పొడుగు మాట మాట్లాడటం మేస్త్రి ఎప్పుడూ వినలేదు. రంపం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మేకు ఖాళీగానే ఉంది. కానీ సంచి మాత్రం ఆమె కిందే పెట్టేది.

ఫొటోల మాస్టారు వచ్చింది ఆ వారాల్లోనే. ఆయన ఎక్కడో ఫొటోలు తియ్యడం నేర్పి రిటైరైన మనిషి. తన ఫొటోలు పదిమందికీ చూపించడానికి ఒక హాలు తీసుకున్నాడు. అన్నిటికీ ఫ్రేములు కావాలి. బిల్లులక్క ఆయన సంచి విప్పి ఒక్కొక్కటే తీస్తుంటే పెద్దాయన ముఖం వాడిపోయింది. అన్నీ నలుపే. వానకి తడిసిన తారురోడ్లు, బొగ్గు గుట్టలు, తలుపులు తెరిచిన ఖాళీ గోడౌన్లు. నల్లటి బొమ్మ కింద నల్లటి వెంట్రుక దాక్కుంటుందనుకుంటారు గానీ, అలా జరగదు. దానిమీద లైటు పడితే వెండితీగలా మెరుస్తుంది. దుమ్మయితే చుక్కల్లా కనపడుతుంది.

"పట్టుకెళ్ళేముందు ఒక్కొక్కటీ చూసుకుంటాను. నలుసు ఉంటే తీసుకోను" అన్నాడు మాస్టారు. ఆయన గొంతులో కోపమేమీ లేదు. వాన వస్తుందని చెప్పినట్టు చెప్పాడు.

పెద్దాయన మూతబల్లకేసి చూశాడు, బిల్లులక్కకేసి చూశాడు, దగ్గాడు.

"డేగే చెయ్యాలి" అన్నాడు మేస్త్రి వెనకనుంచి. "ఇంకొకళ్ళు చేస్తే నేను ఫ్రేములు కొయ్యను."

"నేనేమన్నా కాదన్నానా!" అన్నాడు పెద్దాయన. తరవాత ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఇవి సవ్యంగా వెళ్ళాయంటే ఆ బల్ల విషయం మళ్ళీ ఎత్తను. ఏదైనా తేడా వస్తే మాత్రం..." అని ఆగాడు. మిగతాది ఆమెకి తెలుసు.

ఆమె ఆ పనిలో మునిగిపోయింది. ఒక్కో ఫ్రేము పూర్తయ్యాక గోడకి ఆనించి, దూరంనుంచి ఒకసారి, దగ్గరనుంచి ఒకసారి, పక్కకి వంగి ఒకసారి చూసేది. తేడా లేదు. మాస్టారు వస్తానన్న రోజుకి చివరిది ఒక్కటే మిగిలింది. అన్నిట్లోకీ పెద్దది. గోడౌను లోపలి చీకటి, ఒక మూల తలుపు సందులోంచి సన్నటి వెలుగు. అంతే, మిగతాదంతా నలుపు.

అంత పెద్ద గాజుని ఒక్క మనిషి పైకెత్తి ఏటవాలుగా పట్టుకోవడం కుదరదు. బల్లమీదే ఉంచి, లేచి నిలబడి పైనుంచి వంగి చూడాలి. ఉక్కగా ఉంది. ఆమె ముంజేత్తో నుదుటి చెమట తుడుచుకుని, గాజు దించి, వంగి చూసింది.

గాజుమీద నూగు ఉంది.

ఒకటీ అరా కాదు, వరసగా, విల్లులా. ఒక్కో పోగూ గోరంత పొడుగు. నిటారుగా, చివర్లు మెరుస్తూ. ఆమె గాజు తీసి బుడ్డితో ఊదింది. మళ్ళీ దించి వంగింది. ఉంది. తడిగుడ్డతో తుడిచింది. ఉంది. గుడ్డదే నూగు అంటుతోందేమోనని కొత్తగుడ్డ తీసింది. ఉంది. తల ఇటు తిప్పి చూస్తే నూగు ఇటు జరిగింది, అటు తిప్పితే అటు. జరుగుతోందంటే ఇంకా అతుక్కోలేదన్నమాట, ఊదితే పోతుంది అనుకుని బుడ్డి చెయ్యి నొప్పెట్టేలా నొక్కింది.

కౌంటరు దగ్గర మాస్టారి గొంతు వినిపించింది. ఆయన వచ్చేశాడు. మూసిన ఫ్రేములు ఒక్కొక్కటే ఆయన ముందు పెడుతున్నట్టున్నారు. మాటా పలుకూ లేదు, చెక్క బల్లకి తగిలే చప్పుడే. ఆమె మరోసారి గాజెత్తింది, తుడిచింది, దించింది, వంగింది. నూగు అలాగే ఉంది. ఎండలో గడ్డికొసల్లా మెరుస్తోంది.

చివరికి, "బాబాయ్" అని పిలిచింది.

మేస్త్రి చెక్కపొట్టు దులుపుకుంటూ వచ్చాడు. "ఏమైంది?"

"ఇక్కడ, పైన, వరసగా. ఎంత తుడిచినా పోవట్లేదు. చూడు."

ఆయన వంగి చూశాడు. కళ్ళు చికిలించి చూశాడు. "ఏం లేదే."

"సరిగ్గా చూడు బాబాయ్."

"సరిగ్గానే చూశానమ్మా. నా గుండు కనపడుతోంది. దానిమీద నూగు లేదు, వెంట్రుక లేదు, నలుసు లేదు. అద్దమంటే ఇలా ఉండాలి."

"నువ్వు జరుగు" అని ఆమె మళ్ళీ వంగింది. "ఇదిగో! ఇప్పుడు కనపడుతోంది."

మేస్త్రి గాజుకేసి చూడలేదు. ఆమెకేసి చూశాడు. తలగుడ్డ ఎప్పుడు జారిందో, వెనక్కి పోయి ఉంది. లైటు సరిగ్గా ఆమె నెత్తిమీద వెలుగుతోంది.

"అద్దం మీద లేదే పిచ్చిదానా" అన్నాడు. "నీ నెత్తిమీద ఉంది."

ఆమెకి అర్థం కాలేదు. ఆయన తన వేలు గాలిలో ఆమె నుదుటి పైన అడ్డంగా గీసి చూపించాడు. "ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా. కొత్తది మొలుస్తోంది. కోడిపిల్లలా ఉన్నావు."

ఆమె చెయ్యి పెట్టి చూసుకుంది. వేళ్ళకి గరుగ్గా తగిలింది. వాటిని వెనక్కి అణిచింది. వదలగానే మళ్ళీ లేచాయి. గాజులో చూస్తే, ఆ నల్లటి గోడౌను మీద, అవీ లేచాయి. రోజంతా గాజు చేతుల్లోనే ఉండే మనిషి, అందులో నలుసులు వెతకడమే తప్ప తనని తను ఎప్పుడూ చూసుకోలేదు.

ఎంతసేపు చూసేదో తెలీదు. "ఆఖరిది అయిందా?" అని పెద్దాయన కేకేశాడు. ఆమె గుడ్డ ముందుకి లాగి కట్టుకుంది. వంగి చూసింది. గాజు కింద చీకటి, మూల సన్నటి వెలుగు. ఇంకేమీ లేదు. ఫ్రేములో దింపి, పలక పెట్టి, మేకులు కొట్టి, టేపు అంటించింది.

మాస్టారు దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని, కళ్ళద్దాలు పైకి తోసుకుని, ముక్కు గాజుకి తగిలేంత దగ్గరగా చూశాడు. మొదటిసారిగా ఆమె తనంతట తాను గోడవైపునుంచి వచ్చి కౌంటరు పక్కన నిలబడింది. ఆయన ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసి, "ఊఁ" అన్నాడు. సంచి తీసి, ఫ్రేములు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఆయన వెళ్ళాక బిల్లులక్క, "ఆ ఊఁ కోసమా ఇన్ని రోజుల చాకిరీ!" అని మూతి తిప్పింది. తరవాత కౌంటరుమీద మోచేతులు ఆనించి, బరువంతా వాటిమీద వేసి నిలబడింది. ఇక తనకి ఆ బల్ల రాదని బిల్లులక్కకీ తెలుసు. మేస్త్రి ఆ వారంలోనే మిగిలిన చెక్కముక్కలన్నీ కలిపి కౌంటరు ఎత్తుకి సరిపడా ఒక స్టూలు చేసి తెచ్చాడు. నాలుగు కాళ్ళకీ నాలుగు రకాల నగిషీ. "ఇదేంటి, దీనికీ అద్దం బిగిస్తావా?" అంటూనే బిల్లులక్క ఎక్కి కూర్చుంది. రోజంతా దిగలేదు.

ఇంట్లో ఆమె చెప్పకముందే అత్తగారు కనిపెట్టేసింది. మర్దనా చేస్తూ నుదుటి దగ్గర వేళ్ళు ఆపి, "చూశావా! నా నూనె ఊరికే పోతుందా!" అంది.

"నర్సు ముందే చెప్పింది అత్తయ్యా, వస్తుందని."

"నర్సు చెప్పింది. నేను చేశాను" అంది అత్తగారు, ఇంకో చుక్క వేస్తూ. రొట్టెల వ్యాను మనిషి గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఇద్దరినీ చూశాడు. పళ్ళెం దగ్గర కూర్చున్నాక ఒక వెంట్రుక తీసి పైకి పట్టుకున్నాడు. చాలా రోజుల తరవాత, "గాలం పెద్దదే" అన్నాడు. ఈసారి ఆమె నవ్వింది.

రాలడం ఆగలేదు. పాత వెంట్రుకలు రాలుతూనే ఉన్నాయి, కొత్తవి నిలబడుతూనే ఉన్నాయి. పొట్టి చొక్కా, తడిగుడ్డ, తలగుడ్డ అన్నీ అలాగే సాగాయి. పాప పొద్దున్నే రెండు గుప్పిళ్ళా పట్టి పీకుతూనే ఉంది, ఇప్పుడు పొట్టివి పట్టు చిక్కక విసుక్కుంటోంది కూడా.

పెద్దాయన మాట నిలబెట్టుకున్నాడు. బల్ల సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఒకరోజు అటుగా వెళ్తూ గోడకేసి చూసి, "ఖాళీగానే ఉంది కదమ్మా, సంచి తగిలించుకో" అన్నాడు.

ఆయన అటు వెళ్ళాక ఆమె సంచి మేకుకి తగిలించింది. వెనక్కి వాలి కాసేపు దానికేసి చూసింది. తరవాత లేచి, తీసి, మళ్ళీ కిందే పెట్టింది. పాపకి ఇంకా ఏడాది నిండలేదు.